ఒకే ఒక్క కాపీ

"ఈ హార్డ్ డిస్క్ ఇవాళో రేపో పోతుంది దీదీ. ఇక ఆన్ చెయ్యకండి," అన్నాడు రిపేరు చేసే మనిషి, హిందీలో.

లహరి చటుక్కున మూత మూసేసింది.

ల్యాప్‌టాప్ అన్నయ్య తాతబ్బాయిది. అతను ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు. ఇంకేం పోయినా ఫరవాలేదు గానీ, నాన్న గొంతు అందులోనే ఉంది.

హట్ బే దీవిలో నాన్న కొట్టు తెరిచిన రోజు తీసిన వీడియో అది. మొత్తం నిమిషంన్నర. అది వచ్చిన సీడీ గీతలు పడి ఎప్పుడో పాడైపోయింది.

ఆ తర్వాత నెలకే సునామీ వచ్చింది. కొట్టూ పోయింది, ఇల్లూ పోయింది, నాన్నా పోయాడు. అప్పటికి లహరికి ఐదేళ్లు.

పన్నెండేళ్లుగా పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లోని వాళ్ల ఇంట్లో ఒకటే పద్ధతి. డిసెంబరు ఇరవై ఆరున అమ్మ ఎరుకమ్మ దీపం వెలిగించి, ఆ వీడియో పెట్టిస్తుంది. నాన్న మాట విన్నాకే అన్నం.

మరి ఇంకో కాపీ చేసుకోవచ్చుగా అంటారా? ఒకసారి చుట్టాలబ్బాయి ఒకడు దాన్ని ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. నాన్న మాటలు తీసేసి ఏడుపు పాట తగిలించి ఊరంతా పంచాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు అమ్మని బజార్లో ఆపి మరీ జాలిపడ్డారు. ఆ రోజే అమ్మ పిల్లలిద్దరి చేతా ఒట్టు వేయించుకుంది, అది ఇక ఎవరి ఫోన్లోకీ వెళ్లకూడదని, ఇంకో కాపీ తియ్యకూడదని.

"ఇందులో ఒక వీడియో ఉంది భయ్యా. నాలుగు రోజుల్లో కావాలి. ఏం పోయినా అది పోకూడదు," అంది లహరి.

"కొత్త డిస్క్ వేస్తాను. పాతదాంట్లోంచి వచ్చినంత తీస్తాను."

నలభై దాటిన మనిషి. మాట్లాడినంతసేపూ తలెత్తలేదు. అలాంటివాళ్లంటే లహరికి మొదట్నుంచీ నమ్మకం తక్కువ.

రెండు రోజులాగి, జంగ్లీఘాట్‌లోని ఆ షాపుకి మళ్లీ వెళ్లింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల్నుంచి నాన్న గొంతు వినిపిస్తోంది.

"ఒసే ఎరుకా, ఇటు సూడే. సిగ్గేటి నీకు!"

ఆ మనిషి వీడియోని తన ఫోన్లో పెట్టుకుని చూస్తున్నాడు. చూస్తూ నవ్వుకుంటున్నాడు కూడా!

లహరికి ఒళ్లు మండిపోయింది.

"ఏయ్! నీ ఫోన్లో ఎవరు వేసుకోమన్నారు?"

అతను ఉలిక్కిపడి లేచాడు. మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"మీరు... లహరీ?"

"నా పేరు కూడా పట్టేశావా? ఇంకేమేం వెతికావు మా ల్యాప్‌టాప్‌లో?"

"దీదీ, సునియే... యే వీడియో..."

"నేనేం వినను! చచ్చిపోయిన మా నాన్నతో నీకేం పని? తమాషాగా ఉందా నీకు? తీసెయ్. నా కళ్లముందే తీసెయ్!"

ఆటోవాళ్లు నలుగురు మూగారు. షాపు ఓనరు బాబ్జీ పరుగున వచ్చాడు.

"ఏటి బిమల్ ఇది? పరువు తీసినావు కదా! తిండి మానేసి మరీ ఆ డిస్కు ముందు కూర్చుంటే పనిమంతుడని మురిసిపోనాను. హట్ బే మనిషి, అన్నీ పోగొట్టుకున్నాడని పనిలో పెట్టుకున్నాను. ఇందుకా?"

బిమల్ ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఒక్కసారి చూసి తీసేస్తాను దీదీ. ఒక్కసారి."

"ఒక్కసారి కూడా కుదరదు!"

అతని వేలు చాలాసేపు కదల్లేదు. చివరికి నొక్కాడు.

"రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నాడు బాబ్జీ.

బిమల్ సంచీ భుజాన వేసుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. తగిన శాస్తే జరిగిందనుకుంది లహరి.

ఇరవై ఆరున దీపం ముందు నాన్న మాట్లాడాడు. ఒక్క ముక్క కూడా పోలేదు. అమ్మ కళ్లు తుడుచుకుని కంచాల ముందు కూర్చోబెట్టింది. అప్పుడు లహరి కోపం ఆపుకోలేక జరిగిందంతా చెప్పింది.

"అందరిముందూ కడిగి పారేశానమ్మా ఆ బిమల్‌ని!"

ఎరుకమ్మ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"పేరేటన్నావు?"

"బిమల్. హట్ బే వాడట."

"బెంగాలీ బిమల్ బాబేనా? బతికున్నాడా ఆయన? బాబ్జీకి ఫోన్ సెయ్యి. ఇప్పుడే తోలుకురమ్మను!"

బాబ్జీ విసుక్కున్నాడు. "ఇంకెక్కడి బిమల్ అమ్మా? నిన్ననే కలకత్తా ఓడెక్కి ఎల్లిపోనాడు. ఉన్న ఫోను కూడా అమ్ముకుని పోనాడు."

అమ్మ కంచం పక్కకి జరిపింది. వీడియో మళ్లీ పెట్టమంది.

నాన్న వెనకాల, కొట్టు గుమ్మంలో, తల్లి చంకలో ఒక పాప మనవైపు చేతులు చాచి కేరింతలు కొడుతోంది. లహరి ఇన్నేళ్లూ నాన్ననే చూసింది. ఆ పాప ఎవరని ఏనాడూ అడగలేదు.

"ఆయన కూతురే. తల్లీ పిల్లా ఇద్దరూ సునామీలో పోనారు. ఆయన ఫోటో స్టూడియో కూడా పోనాది. కడుపున పుట్టిన పిల్ల మొహం సూసుకుందుకు ఒక్క ఫోటో మిగిలుండదే ఆయనకి."

లహరి వీడియో ఆపింది. "మన వీడియోలో వాళ్లెందుకున్నారమ్మా?"

"అన్నయ్య అప్పుడు పోర్ట్‌బ్లెయిర్ హాస్టల్లో ఉన్నాడు. కొట్టు తెరిసిన రోజు సూడలేకపోనానని ఏడిస్తే, ఆయన ఆడికొక సీడీ సేసి పంపినాడు. అందుకే మీ నాన్న గొంతు మనకి మిగిలింది," అంది ఎరుకమ్మ. "ఆ వీడియో తీసింది బిమల్ బాబే, లహరీ."