నాలుగు వేళ్లు

“ఈ రింగు చాలదు సార్,” అంది సుంకమ్మ.

ఓబుళేసుకు ఒళ్లు మండింది. కళ్యాణదుర్గం రోడ్డులో సిమెంటు రింగులు పోసే రామాంజులు అంగడికి వచ్చి అప్పటికే గంటయింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. అడుగున్నర వెడల్పు రింగు చూపిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. రెండడుగులది చూపిస్తే దాని మూతికి అడ్డంగా జేన వేసి కొలిచి, మళ్లీ అదే మాట.

“చాలకపోయేకి ఇదేమన్నా నీళ్ల బావా? సెప్టిక్ ట్యాంకు మూతి. మనిషి దిగి ఎత్తిపోస్తాడు, పైన మూత పడతాది. అంతే కదమ్మే?”

అతను కొన్నది పాత ఇల్లు. రోడ్డు ఎత్తు పెరిగిందని వాకిట్లో రెండడుగులు మన్ను తోలిస్తే ట్యాంకు కాస్తా మన్ను కిందికి పోయింది. ఇప్పుడు దాని స్లాబుకు బొక్క కొట్టి, పైన అడుగెత్తు రింగులు రెండు నిలబెట్టి మూతిని నేలమట్టానికి తేవాలి. లోతు కర్ర పెట్టి కొలిచాడు, దానికి పేచీ లేదు. తగువంతా వెడల్పు దగ్గరే వచ్చింది. బేస్తవారం గృహప్రవేశం. మూత సరిగ్గా గడపకెదురుగా పడుతోంది. దానిమీద పూలకుండీ పెట్టి కనపడకుండా చెయ్యాలని భార్య హేమలత పట్టు. అడుగున్నర దాటితే ఏ కుండీ కింద దాగుతుంది? వచ్చిన చుట్టాలు ముగ్గు చూడరు, దాన్నే చూస్తారు. నలుగురిలో తల కొట్టేసినట్టవుతుంది.

“ట్యాంకు దిగేకి నల్లప్పను రమ్మంటే నువ్వొచ్చినావేమి?”

“ఆయప్ప రాలేడు సార్. దిగేది మా తమ్ముడు తిప్పేష్. మూతి నేను చూసినాకే వాడు దిగేది.”

“తాగి పడుకోనుంటాడులే నీ మొగుడు,” అని ఓబుళేసు నవ్వాడు. రామాంజులు కూడా నవ్వాడు. సుంకమ్మ ఎండకు నెత్తిమీది కొంగును నుదుటిదాకా లాక్కుంది.

“దిగకుండా పైనుంచే బకెట్టుతో తోడరాదా?”

“వానల్లేవు, కొళాయికి వారానికొకసారి నీళ్లు. నీళ్లు పోస్తే కదా సార్ పలచగుండేది. అడుగున గట్టిగా గడ్డకట్టి ఉండాది. మనిషి దిగి పారతో గీకల్ల.”

“మీ తమ్ముడు అంత లావుంటాడా?”

“లావేం లేదు. పుల్ల మాదిరి ఉంటాడు.”

“మరింకేమి! పుల్లకు అడుగున్నర చాలదా?”

“చేతులు పైకెత్తుకోని దిగేకి చాలు సార్. వచ్చేటప్పుడు సంగతి చెప్పు.”

పక్కనే రెండడుగుల వెడల్పు రింగులు రెండు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. సుంకమ్మ కొంగు బిగించి అందులోకి దిగి కూర్చుంది. తల వాల్చేసింది. చేతులు వేలాడేసింది.

“నాకు తెలివి తప్పింది. ఇప్పుడు ఎత్తండి సార్.”

ఓబుళేసు రామాంజులు వైపు చూశాడు. రామాంజులు ఓబుళేసు వైపు చూశాడు. ఆమె చంకల కింద చెయ్యి వేసే ఉద్దేశం ఇద్దరికీ లేదు.

“చూడండి, మోచేతులు ఈడ తట్టుకుంటాండాయి,” అంది ఆమె తలెత్తకుండానే. “నడుముకు పట్టి ఎత్తేకి ఇంగొకడు లోపలికి రావల్ల కదా. వాడు యాడ నిలబడల్ల?”

“లే, లే పైకి! శుభమా అని ఇంట్లో పాలు పొంగిస్తాంటే ఏం మాటలివి?” ఓబుళేసు కసిరాడు.

సుంకమ్మ రింగులోంచి పైకొచ్చి చీరకంటిన దుమ్ము దులుపుకుంది.

“ఇంతకూ ఈ రెండడుగులదానికి ఎంత తక్కువొచ్చిందమ్మా?” అన్నాడు రామాంజులు.

ఆమె నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి చూపింది. “నా జేనతో మూడు జేనల నాలుగు వేళ్లు ఉండల్ల. ఇది మూడు జేనలే ఉండాది.”

“నాలుగు వేళ్ల కాడికి ఇంత గలాటానా!” ఓబుళేసు గొంతు పెంచాడు.

“ఆ సైజు ఎవురూ పొయ్యరన్నా,” అన్నాడు రామాంజులు. “దీని తర్వాత రెండున్నర అడుగులదే.”

“అదే ఇయ్యి,” అంది సుంకమ్మ.

“నా వాకిట్లో బండి చక్రమంత మూత పెట్టల్నా? నువ్వు కాకపోతే ఊర్లో ఇంకెవురూ లేరనుకున్నావా?”

“ఉంటే పిలుచుకో సార్. మా తమ్మున్ని మాత్రం పంపను.”

ఆమె రోడ్డు వైపు నడిచింది. ఓబుళేసు అప్పటికే ముగ్గుర్ని అడిగాడు. ఆ సందులోకి మిషను లారీ రాదన్నారు, మనుషులు దిగమన్నారు. నిండిన ట్యాంకు పెట్టుకుని చుట్టాలను పిలవడమెలా? కోపం దిగమింగి, “నిలబడు,” అని కేకేశాడు.

రామాంజులు రెండున్నర అడుగుల రింగును దొర్లించుకొచ్చి పడుకోబెట్టాడు. సుంకమ్మ దాని పక్కన కూర్చుని మళ్లీ కొలిచింది. మూడు జేనలు. నాలుగు వేళ్లు. ఇంకా కొంచెం మిగిలింది. మిగిలినచోట చెయ్యి పెట్టి, “ఇది సరిపోతాది,” అని ఊపిరి పీల్చుకుంది.

ఓడిపోయినట్టుంది ఓబుళేసుకు. ఊరుకోలేకపోయాడు.

“పోయినేడు మా బాడుగింట్లో నల్లప్ప అడుగున్నర మూతిలోనే దిగినాడు, వచ్చినాడు. అప్పుడు నోరెత్తలేదే? ఇప్పుడు మూడు జేనల నాలుగు వేళ్లని సవాలక్ష వంకలు పెట్టమని నీకు చెప్పి పంపినాడా?”

సుంకమ్మ లేచి నిలబడింది.

“ఆయప్ప చెప్పలేదు సార్. నెల కిందట గార్లదిన్నెలో ఒకరింట్లో ఆయప్పను పైకి తీసేకి స్లాబు పగలగొట్టినారు. ఆ బొక్కను నేనే జేనేసి కొలుచుకున్నా.”