జాబితా రాసిన చెయ్యి

"నిన్న వచ్చినాడా లేదా, ముందది సెప్పమ్మా."

పుష్పవల్లి కొడుకు మొహం చూడలేదు. బొప్పాయి ముక్క నములుతూనే, "వచ్చినాడు. పండిచ్చినాడు. ఎల్లిపోనాడు," అంది.

రామదాసుకు ఒళ్లు మండింది. తొంభై ఎనిమిదేళ్ల సాక్షికి బొప్పాయి లంచం! ఇచ్చిన పెద్దమనిషి ప్రేమ్‌నాథ్ ఎదుటి కుర్చీలోనే ఉన్నాడు, ఒళ్లో కాగితం చుట్టిన పటంతో, ఏమీ ఎరగనట్టు.

ఆ పటం ప్రేమ్‌నాథ్ తాత సీతారాంది. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో ఆయన కెరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. ఈ ఆదివారం కౌలాలంపూర్‌లో తెలుగు సంఘం హాల్లో, మొదటి అధ్యక్షుడి పటం పక్కన దాన్ని పెట్టాలని ప్రేమ్‌నాథ్ పట్టు. చస్తే పెట్టనివ్వనని రామదాసు పంతం. ఆ మొదటి అధ్యక్షుడు రామదాసు తండ్రి మరి.

గొడవ ఈనాటిది కాదు. జపాన్ వాళ్ల ఏలుబడిలో, సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రైలుదారి పనికని ఆ ఎస్టేటు నుంచి అరవై ముగ్గురిని లారీలెక్కించారు. తిరిగొచ్చింది తొమ్మిది మంది. ఎవరు పోవాలో పేర్లు రాసిచ్చింది ఎస్టేటు ఆఫీసు మనిషే. యుద్ధం అయ్యాక తెల్లదొరలు వచ్చారు, విచారణ అన్నారు, నాలుగు కాగితాలు నింపి మూసేశారు. రాసినవాడు నిక్షేపంగా బతికిపోయాడు. అప్పటి మనుషుల్లో ఇప్పుడు మిగిలింది పుష్పవల్లి ఒక్కతే. ఆమె మాటకు కట్టుబడతామని ఇద్దరూ ఒప్పుకున్నాక, సంఘం కార్యదర్శి వసంతి ఫోనూ ఫారమూ పట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది.

"రికార్డింగ్ ఆన్ చేసినాను మామ్మా. మెల్లగా చెప్పండి లా," అంది వసంతి, మాట చివర మలేషియా వాళ్ల 'లా' తగిలించి.

పుష్పవల్లి కుర్చీలో సర్దుకుంది. వెనక గోడ మీద ఆమె భర్త పటం ఉంది. ప్రతి శుక్రవారం దానికి దండ వేసేది రామదాసే. ఆమె మాత్రం ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చుంటుంది, కిటికీ వెలుగు అటువైపు కదా.

"నాకప్పుడు పదారేళ్లు. పెళ్లయ్యి మూడు నెలలు. తెల్లారగట్ల అందర్నీ నిలబెట్టి పేర్లు సదివినారు. మూడో పేరు మా అన్న సన్నాసిది." ఆమె ఆగింది. "మా అన్న నవ్వుతానే ఎక్కినాడు లారీ. రైలు సూడొచ్చనుకున్నాడు, ఎర్రోడు."

రామదాసు కళ్లు తుడుచుకున్నాడు. చూడని మేనమామ కోసం కూడా మనిషికి ఏడుపొస్తుంది.

"ఆ పేర్లు రాసింది సీతారాం కెరాణే కదమ్మా?"

"సీతారాం కెరాణి మంచం మీదున్నాడు. మలేరియా. ఆళ్లావిడకి నేనే గంజి ఒంచి ఇచ్చినాను."

రామదాసు తటాలున లేచాడు. "విన్నావా వసంతీ! పోయిన మీటింగులో ఈయన సెప్పింది ఇదే కత. మంచం, మలేరియా. మాట పొల్లు పోలేదు. నిన్న వచ్చి నేర్పించి పోయినాడు!"

"అన్నా, నేను పండు ఇచ్చి క్షేమం అడిగి వచ్చేసినాను, అంతే," అన్నాడు ప్రేమ్‌నాథ్.

"క్షేమం అడగడానికి నలబై ఏళ్లు పట్టిందేటి నీకు? మా నాన్నకి తెలుసయ్యా అంతా. అదే ఆఫీసులో సిన్న కెరాణి కదా. ఒకడి పరువు తియ్యకూడదని సచ్చేదాకా నోరు విప్పలేదు. అదీ పెద్దరికమంటే."

పుష్పవల్లి ప్రేమ్‌నాథ్ వైపు తిరిగింది. "నువ్వు తిన్నావా నాయినా?"

ఈ లాలన చూసేసరికి రామదాసు అనుమానం రూఢి అయిపోయింది. పండొక్కటే ఇచ్చి ఉండడు, బెదిరించి కూడా ఉంటాడు. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నేనున్నాను. ఎవడికీ భయపడకు. రాసినోడు తరవాత ఏటయినాడు?"

"ఏటవుతాడు? దొరలు తిరిగొచ్చిన రోజు తెల్ల లాగు యేసుకుని ఎదురెల్లినాడు. జపానోడికి రాసినట్టే ఆళ్లకీ రాసినాడు. ఆళ్లకీ రాసేవోడే కావాల కదా. కుర్సీ ఇచ్చినారు. తరవాత ఇంకా పెద్ద కుర్సీ. దండలేసినారు. నేను సూస్తానే ఉన్నాను."

"దొరలొచ్చినాక పెద్ద కెరాణి అయ్యిందెవరో ఊరందరికీ తెలుసు," అన్నాడు రామదాసు ప్రేమ్‌నాథ్ మీద నుంచి చూపు తిప్పకుండా. "పేరు సెప్పమ్మా. ఒక్క పేరు."

పుష్పవల్లి పెదవులు కదిలాయి, ఆగిపోయాయి.

"ఆ పేరు నా నోట రాదు."

"సూసినారా! నిలువునా వణికిపోతంది," అన్నాడు రామదాసు. నిజానికి ఆమె చెయ్యి కూడా వణకలేదు. "ఎదురుగా కూకోబెట్టి సెప్పమంటే ఎలా సెప్తాది?"

ప్రేమ్‌నాథ్ పటానికి కాగితం మళ్లీ గట్టిగా చుట్టాడు. "వద్దులే అన్నా. తాత పటం మా ఇంట్లోనే ఉంటాది. ఈ వయసులో మామ్మను కష్టపెట్టకండి." ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. రామదాసుకు అదీ నటనలాగే కనిపించింది. ఎనభై ఏళ్ల తర్వాతైనా న్యాయం జరిగిందని, తండ్రి పటం వైపు చూసి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

వసంతి ఫోను ఆపలేదు. "ఒక్క ఫారం నింపేస్తే వెళ్లిపోదాం. మామ్మా, మీ పేరు?"

"పుష్పవల్లి."

"వయసు?"

"తొంభై ఎనిమిది."

"భర్త పేరు?"

రామదాసు నోరు తెరవబోయాడు. వసంతి చెయ్యి అడ్డం పెట్టింది. "మీరొద్దు అంకుల్. సాక్షి గొంతులోనే రికార్డ్ అవ్వాలి. రూల్ లా."

పుష్పవల్లి బొప్పాయి తడి కొంగుకు తుడుచుకుంది. అప్పుడు, పొద్దుటి నుంచి మొదటిసారి, కొడుకు కళ్లలోకి చూసింది.

"ఇందాకే సెప్పినాను గదమ్మా, ఆ పేరు నా నోట రాదని."