వేలు దూరేంత చోటు

కూతురు పరుగుకు వెళ్ళగానే తల్లి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. స్కూలు స్కర్టును తిరగేసి, నడుం దగ్గర పాత కుట్టు విప్పింది.

పిల్ల మళ్ళీ చిక్కింది.

ఇంటి ముందుగదే ఆమె దుకాణం. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ ఆమెకు నోటికొచ్చు. ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు తగ్గారో వాళ్ళకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. పైకి మాత్రం అనదు. నోరు జారితే బేరం పోతుందని నవ్వుతుంది. సరిచేసిన బట్టలో సరిచేసినట్టే తెలియకూడదన్నది ఆమె పంతం.

పిల్లకు పద్నాలుగేళ్ళు. చిన్నప్పుడు ఏనుగుపిల్లలా బొద్దుగా ఉండేదని తండ్రి ‘గున్న’ అని పిలిచేవాడు. పిలిస్తే తొండం ఊపినట్టు చెయ్యి ఊపేది. మొన్న వేసవి సెలవుల్లో ఊపడం మానేసింది.

ముందు చక్కెర మానేసింది. తర్వాత వేపుళ్ళు. తెల్లవారకముందే లేచి మైదానం చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. వ్యాయామం మాస్టారు క్లాసు మొత్తం చేత చప్పట్లు కొట్టించారు. తండ్రి కూడా రెండు రోజులు వెంట పరుగెత్తి, మోకాళ్ళు పట్టేసి మంచమెక్కాడు. ‘మా గున్న గుర్రమైపోయింది’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

మొదటిసారి స్కర్టు వదులైనప్పుడు తల్లి వేలెడు గుడ్డ లోపలికి పట్టించి కుట్టేసింది. దర్జీ కూతురు వేలాడే బట్టలతో బడికి వెళితే ఏం బాగుంటుంది? పిల్లకు చెప్పలేదు. ఆ వయసులో ఒంటి సంగతి ఎత్తితే ముడుచుకుపోతారు.

ఆ తర్వాత పిల్లకున్న రెండు స్కూలు స్కర్టులనూ నెలకోసారి విప్పి కుట్టింది. ఆపైన పది రోజులకోసారి.

పిల్ల అన్నం మానేసింది. రాత్రి భోజనమూ మానేసింది. బడికి పంపిన డబ్బా స్నేహితురాలికి పెట్టేసి, ఖాళీది తెచ్చి చూపించేది. తల్లి బతిమాలింది. తిట్టింది. ఒకరోజు పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది.

“నీదంతా చాదస్తం అమ్మా,” అంది పిల్ల.

రోజూ బడికి వెళ్ళేముందు పిల్ల స్కర్టు హుక్కు పెట్టుకుని, నడుం పట్టీలోకి వేలు దూర్చి చూసుకునేది. సరిగ్గా ఒక్క వేలు పట్టేంత చోటుండేది. కుట్టు కుదిరిందని తల్లికి ఆ ఒక్క నిమిషం తృప్తిగా ఉండేది. పిల్ల మాత్రం ముందున్న పళ్ళేన్ని పక్కకు జరిపి లేచిపోయేది.

ఆ రోజు ఒక స్కర్టు విప్పి మిషన్ మీదే ఉండగా, రెండోది తొడుక్కుని వెళ్ళిన పిల్ల బడిలో ప్రార్థన వరసలోనే కుప్పకూలింది.

కబురు వినగానే తల్లి మిషన్ మీదున్న స్కర్టును సంచిలో కుక్కుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. పిల్ల గుండె బలహీనపడిందని, ఇప్పటికైనా తినకపోతే దక్కదని డాక్టరమ్మ చెప్పింది. తండ్రి ‘గున్న’ అనబోయి, ఆ మాట నోట్లోనే నొక్కేసుకున్నాడు. పిల్ల పాలగ్లాసు చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

తల్లికి చేతులు ఊరికే ఉంచడం చేతకాలేదు. మంచం పక్కన కూర్చుని స్కర్టు తీసి, సూదితో నడుం కుట్టడం మొదలుపెట్టింది. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు తొడగాలి కదా.

డాక్టరమ్మ పిల్ల తల నిమిరింది. “ఇంత చిక్కిపోయావు, నీకు తెలియలేదా తల్లీ?”

“నేనేం చిక్కలేదండి.”

“అద్దంలో చూసుకోలేదూ?”

“అందులో లావుగానే ఉంటానండి.”

“చూసినవాళ్ళెవరూ చెప్పలేదా?”

“చెబుతారు. నేను బాధపడకూడదని అలా అంటారండి.”

“మరి ఎవరు చెబితే నమ్ముతావమ్మా?”

పిల్ల గోడవైపు నుంచి తిరగకుండానే జవాబు చెప్పింది.

“నా స్కూలు స్కర్టు చెబితే నమ్మేదాన్నండి... ఇన్ని నెలలు కడుపు మాడ్చుకున్నా, ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా అది నా నడుముకి వదులు కాలేదు.”