చెయ్యి పడని ఇంజిన్

"మొదటి బోరే కాబట్టి ఇరవై సైజు చాలు," అని, అరిగిన సిలిండర్లని చెక్కి పెద్ద సైజు పిస్టన్లు వేసే బోరింగ్ మేస్త్రీకి తీర్పు చెప్పేశాడు కారు ఆసామి. "ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంజిన్ మీద ఇంకో చెయ్యి పడలేదు. అంతా నా డ్రైవింగ్ మహిమ."

పక్కన స్టూలు మీద భార్య కూర్చుని ఉంది. ఆవిడని స్టీరింగ్ ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదాయన. ఆడవాళ్ళు నడిపితే ఇంజిన్ అరిగిపోతుందని ఆయన సిద్ధాంతం.

మేస్త్రీ ఇంజిన్ బ్లాకులోంచి తీసిన పాత పిస్టన్ని గుడ్డతో తుడిచి చూపించాడు. దాని నెత్తిన నలభై అంకె కొట్టి ఉంది. "ఇది ఇదివరకే రెండుసార్లు బోరు చేసిన బ్లాకు సార్. మొదటిసారికి ఇరవై, రెండోసారికి నలభై. ఇరవై ఎప్పుడో దాటిపోయింది."

"నా బ్లాకు మార్చేశావా, దొంగ వెధవా!" అని ఆయన గయ్యిమన్నాడు.

"మార్చలేదండీ," అంది భార్య. "రేడియేటర్లో నీళ్ళు పొయ్యకుండా తిప్పి రెండుసార్లు మీరే ఇంజిన్ కాల్చుకొచ్చారు. పొగ వస్తోందంటే, అది మంచు అన్నారు. రెండుసార్లూ మీరు ఆఫీసు పని మీద ఊరెళ్ళినప్పుడు నేనే ఇక్కడికి నడుపుకుంటూ వచ్చి బాగుచేయించాను. మీరు తిరిగొచ్చి, 'నా చేతిలో ఎంత మెత్తగా పోతోందో చూడు' అనేవారు."

ఆయన పిస్టన్ మీది నలభై అంకెని వేలితో రుద్ది చూశాడు.

"ఇంక అరవై సైజే మిగిలింది," అన్నాడు మేస్త్రీ. "అదీ అరిగితే ఇంక చెక్కడానికి సిలిండరు గోడ ఉండదు, బ్లాకు పారేయడమే. చెయ్యమంటారా?"

"చేసెయ్," అన్నాడాయన నీరసంగా.

మేస్త్రీ కదల్లేదు. ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యి నాయనా," అంది ఆవిడ. "తయారయ్యాక తాళం మాత్రం నా చేతికియ్యి."