ఆకుపచ్చ ప్యాకెట్టు

మా తైవాన్‌లో యంత్రం మొరాయించకుండా దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు పెడతాం. ఆ తిండి పేరుకి అర్థమే "బుద్ధిగా ఉండు" అని. కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో మా నాన్న కూడా పెడతాడు.

మా కెమిస్ట్రీ టీచర్ ఫాంగ్ మేడమ్‌కి అదంటే ఒళ్లుమంట. "రుజువు లేకుండా నమ్మేవాళ్లకి నా ల్యాబులో చోటు లేదు" అనేది. సైన్స్ ఫేర్ కోసం నాకిచ్చిన ప్రయోగం కూడా ఆ ప్యాకెట్టు పనిచేస్తుందో లేదో తేల్చడమే. రెండు గ్లాసుల్లో ఒకే పటిక నీళ్లు, ఒకే రకం దారం. ఒక గ్లాసు పక్కన మాత్రం ప్యాకెట్టు.

పదో రోజున మూతలు తీశాం. ప్యాకెట్టు లేని గ్లాసులో బొటనవేలంత స్ఫటికం తళతళలాడుతోంది. ఉన్న గ్లాసులో దారం బోసిగా వేలాడుతోంది, అడుగున ఇసుకలాంటి రవ్వ.

నేను ఎగిరి గంతేశాను. "చూశారా టీచర్! అదంతా ఉత్త మూఢనమ్మకమే! ఫేర్‌కి నన్ను పంపుతారు కదూ?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్టు తిరగేసి చూసింది. మొహం ఎర్రబడింది.

"బుద్ధుందా పెయ్‌జున్? దీని డేటు అయిపోయి నెల దాటింది! డేటు దాటింది పెడితే ఎక్కడైనా పనిచేస్తుందా? ఈ ప్రయోగం చెల్లదు. మళ్లీ మొదలుపెట్టు."

"మరి కొత్తది..."

మేడమ్ తన సొరుగు లాగింది. లోపల ఆరు ప్యాకెట్లు, డేట్ల వరసలో సర్ది ఉన్నాయి.

"ఇందులోంచి తీసుకో. ఆ బ్యూరెట్ స్టాండు మీదున్న ప్యాకెట్టు మాత్రం ముట్టుకోకు. రేపు ప్రిన్సిపాల్‌గారి ముందు నేను టైట్రేషన్ చేసి చూపించాలి."