పొట్టు మోసే నూకాలు

ఒక చీమల పుట్టలో ఓ ఆచారం ఉండేది. గింజ తెచ్చే చీమ ఎదురైతే పొట్టు మోసే చీమ వెనక్కి తగ్గాలి.

పొట్టు మోసే నూకాలు అలాగే తగ్గేది. ఆ ఏడు పంట విరగపండి, సన్నటి సొరంగంలో గింజల వరస తెగలేదు. పాపం నూకాలు వెనక్కి నడిచి నడిచి, మోపును పై గుమ్మానికి చేర్చలేక దిగువనే దించేసేది. ఆ పొట్టంతా చెమ్మకు ముద్దకట్టి దిగువ గుమ్మానికి పోయే దారి పూడ్చేసింది.

వాన మొదలైంది. దిగువ గుమ్మం మూయమని రాణి కబురు పంపితే, కబురు చీమలు దారి లేక సొరంగం మధ్యలోంచే కేకేసి వచ్చాయి. గుమ్మం మూతపడలేదు. నీళ్ళు లోపలికి వస్తున్నాయి.

"దిగువ గుమ్మం కావలి చీమలకు ఒళ్ళు బరువెక్కింది," అని అందరూ తిట్టిపోశారు.

నూకాలుకు తను దించిన పొట్టు గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి, ముద్దను కొరికి కొరికి అవతలికి తల దూర్చింది. కావలి చీమలు తిండి అందక కాళ్ళు చిక్కిపోయి, ఇటువైపే చూస్తూ కూర్చున్నాయి.

"మూయమన్నారా అక్కా?" అంది వాటిలో పెద్దది. "ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నాం."

"మూయమన్నారు తల్లీ," అంటూ నూకాలు తనూ భుజం కలిపింది. గుమ్మం మెల్లగా మూతపడింది. కొన్ని కావలి చీమలు మాత్రం మళ్ళీ లేవలేదు.

నూకాలు పొట్టు మోపెత్తుకుని తిరిగి వస్తుంటే గింజ చీమ ఎదురై, "తప్పుకో," అంది.

నూకాలు కదల్లేదు.

"ఇన్నాళ్ళూ తప్పుకున్నాను. ఏమైందో దిగువకు వెళ్ళి చూసిరా."