ష్యూర్ పాఠం

"ష్యూర్ అంటే ఏంది? ఎవరు చెప్తరు?"

జైరాం సారు అడగడమే ఆలస్యం, సగం క్లాసు చేతులెత్తింది. వెనకాల ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఆఫీసరు పక్కన కూర్చున్న బసవపున్నయ్య మాస్టారికి కడుపులో భగ్గుమంది. తను అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన ఈ కుర్రాడు అడిగితే మాత్రం పిల్లలకు ఎక్కడలేని ఇంగ్లీషూ పుట్టుకొస్తుంది!

దమ్మపేట దాటి అడవిలోకి పోతే వచ్చే ఆ ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పేది వాళ్ళిద్దరే. ఖమ్మంలో ఇంగ్లీషు మాస్టారి పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. ఆఫీసరు ఎవర్ని పంపమంటే వాళ్ళకే అది. ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో కాపురం, అడవిలో కొలువు, శనివారం బస్సు, సోమవారం బస్సు... బసవపున్నయ్య నడుం విరిగిపోయింది. "ఈసారి కూడా ట్రాన్స్‌ఫర్ రాకపోతే మీరా అడవిలోనే ఉండండి, నా గుమ్మం తొక్కొద్దు" అని భార్య నిర్మలాదేవి మొన్ననే తెగేసి చెప్పింది.

పొద్దున ఆఫీసరు జీపు దిగీ దిగగానే జైరాం ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి ఏదో గుసగుసలాడటం మాస్టారు కళ్ళారా చూశాడు. ఆఫీసరు నవ్వి కుర్రాడి భుజం కూడా తట్టాడు. ఇంకేముంది, కాకా పట్టేశాడు! అప్పట్నుంచీ మాస్టారికి పచ్చి మంచినీళ్ళు కూడా దిగలేదు.

"భీమక్కా, నువ్వు చెప్పు" అన్నాడు జైరాం.

"ఖాయమన్నట్టు సార్. డౌటు లేదన్నట్టు."

"శబాష్! వాక్యంల పెట్టు."

"ఐ యామ్ ష్యూర్, ద బస్ విల్ కమ్."

క్లాసంతా గొల్లుమంది. ఆ ఊరికి బస్సు ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో, డ్రైవరుకే తెలీదు మరి! ఆఫీసరు కూడా పడీ పడీ నవ్వి, "గుడ్" అన్నాడు.

ఆ మాటతో మాస్టారి గుండెల్లో రాయి పడింది. అయిపోయింది, ఖమ్మం వీడికే! ఇక ఆగలేక దిగ్గున లేచాడు.

"సార్, ఏమనుకోవద్దు. అబ్బాయి పైపైన చెప్తున్నాడు. ఆ మాటలో ఇంకా చాలా ఉంది."

జైరాం కంగారుపడ్డాడు. "సార్, మీరు కూసోండ్రి. మీకు దండం పెడ్త, ఇయ్యాల ఒక్కరోజు నన్ను చెప్పనియ్యండ్రి."

మాస్టారు చెప్పనిస్తాడా! అతని చేతిలోని సుద్దముక్క లాక్కున్నంత పని చేశాడు.

"ఐ యామ్ ష్యూర్ అంటే నాకు నమ్మకముందని. నా నమ్మకం తప్పు కూడా కావచ్చు. అదే ‘ష్యూర్ టు కమ్’ అన్నామనుకో, వచ్చి తీరుతుందని. ఒరేయ్, ఇప్పపూలు రాలే రోజుల్లో చెట్టు కిందికి ఏదొస్తుందిరా?"

"ఎలుగ్గొడ్డు!"

"వస్తుందా, రావచ్చా?"

"వస్తది సార్!"

"అదీ! ద బేర్ ఈజ్ ష్యూర్ టు కమ్. ఇంకోటి. మనల్ని ఎవరైనా సాయం అడిగారనుకో. ఎస్ అంటే సరేనని. ష్యూర్ అంటే సంతోషంగా చేస్తానని. అడిగినవాడు ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. జైరాం సారు ఇవన్నీ చెప్పాడా మీకు?"

పిల్లలు తలలు వంచుకున్నారు. జైరాం గోడకు ఆనుకుని కిటికీలోంచి అడవి వైపు చూస్తున్నాడు. వాడి ముఖం వాడిపోయింది. బసవపున్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. జన్మలో అంత బాగా పాఠం చెప్పలేదు మరి!

గంట కొట్టాక ఆఫీసరు వరండాలో మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏం పాఠం మాస్టారూ! మీ ముందు జైరాం ఎంత? మిమ్మల్ని కదిలిస్తే ఈ పిల్లల ఉసురు నాకు తగులుతుంది. మీరిక్కడే ఉండాలి. ఖమ్మానికి జైరాంను పంపుతాను, పెద్దవాళ్ళ దగ్గర ఇంకాస్త నేర్చుకుంటాడు."

మాస్టారు నోరు తెరిచేలోగా జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. నిర్మలాదేవి ముఖం కళ్ళముందు కదిలింది. పక్కకొచ్చి నిలబడ్డ జైరాంను చూడగానే ఒళ్ళు మండిపోయింది.

"సాధించావుగా! పొద్దున ఆయన చెవిలో ఊదింది ఇదేగా?"

జైరాం కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకు ఖమ్మమెందుకు సార్? మా తండా ఈ పక్కనే గద. పిల్లలను వదిలి నేనెటు పోత? మిమ్మల్నే పంపమని అడిగిన."

"నన్నా!... ఆయనేమన్నారు?"

"ఇక్కడ ఇంగ్లీషంతా నువ్వొక్కడివే నడపగలవని ఇయ్యాల క్లాసుల చూపియ్యి, చాలు... మాస్టారికి ఖమ్మం ష్యూర్ అన్నరు సార్."